నారింజ గురించి రాస్తున్న అమ్మాయికి

హారికకు,

నీ వ్యాసం శ్రద్ధగా చదివాను. నీకు రాసే చెయ్యి ఉంది. వాక్యం ఎక్కడ ఆపాలో తెలుసు. ఈ వయసులో చాలామందికి రాని విద్య అది. అందుకే "బాగుంది, ఇంకా రాస్తూ ఉండు" అని నాలుగు ముక్కలు రాసి వదిలేయలేకపోయాను. ఉత్తరం కాస్త పొడుగవుతుంది, తీరిక చూసుకుని చదువు.

'నారింజ' అనే మాట ఎన్ని దేశాలు తిరిగిందో చెప్పాలని మొదలుపెట్టావు. ఎంచుకున్న మాట గొప్పది. కానీ చెప్పాలనుకున్న సంగతంతా రెండో పేరాలోనే అయిపోయింది. ద్రావిడ భాషల మాట సంస్కృతంలో నారంగ అయింది, పారశీకంలో నారంగ్, అరబ్బీలో నారంజ్, స్పానిష్‌లో నరాంహా, ఇటాలియన్‌లో అరాంచా, ఫ్రెంచిలో ఒరాంజ్, చివరికి ఇంగ్లీషులో ఆరెంజ్. ఆ తర్వాతి పేజీలన్నీ "మన మాట లోకమంతా గెలిచింది" అన్న సంతోషమే. సంతోషపడటం తప్పు కాదు. అయితే పాఠకుడికి ఏం మిగిలింది? పేర్ల వరస ఒకటి. ఆ వరసలో మనుషులు లేరు, ఓడలు లేవు, చెట్లు లేవు. పండు రుచి కూడా లేదు. పుల్లటిదా, తియ్యటిదా అని నువ్వు ఎక్కడా అడగలేదు. ఈ కథ మొత్తం నిలబడేది ఆ ప్రశ్న మీదే.

మొదట 'మన మాట' అన్న దాని గురించి. ఈ మాటకు మూలం ద్రావిడ భాషల్లో ఉందని భాషా శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకుంటారు. అయితే ద్రావిడం అంటే తెలుగు ఒక్కటే కాదు. తమిళంలో నారత్తై ఉంది, నార్తంగాయ ఊరగాయ వాళ్లకు ఎంతో ఇష్టం. మలయాళంలో నారకం చెట్టు ఉంది. ఇంకో సంగతి చూడు. కేరళలో మామూలుగా నారంగ అంటే నిమ్మకాయ. అక్కడ నారంగ వెళ్ళం అడిగితే నిమ్మరసం ఇస్తారు. మనం కమలా అనే పండును వాళ్లు మధురనారంగ అంటారు. అంటే తీపిది కాబట్టి ముందు 'మధుర' అని చేర్చాల్సి వచ్చింది. ఆ విశేషణం లేని ఉత్త నారంగ పుల్లటిదన్నమాట. మన దక్షిణాదిలోనే ఒక మాటకు ఇంత తేడా ఉంటే, నువ్వు దాన్ని దాటేసి నేరుగా స్పెయిన్‌కి వెళ్లిపోయావు. దూరపు సంగతులు గొప్పగా కనిపిస్తాయి, నిజమే. కానీ నీ వ్యాసానికి తాళంచెవి కేరళలో ఉంది.

ఆ తాళంచెవి ఏమిటో చెప్తాను. ఈ మాట మొదట పేరుగా నిలిచింది పుల్లటి, చేదు కాయకు. ఇవాళ మనం ఆరెంజ్ అనగానే గుర్తొచ్చే తీపి పండు వేరు. రెండూ పంపర పనస, కమలా జాతుల కలయికతో పుట్టినవే. నిమ్మ, నారింజ జాతుల పుట్టిల్లు హిమాలయాల ఆగ్నేయపు అంచుల్లో, అస్సాం, ఉత్తర మయన్మార్, చీనాలోని పశ్చిమ యునాన్ ప్రాంతాల్లో ఉందని జన్యు పరిశోధకులు 2018లో చెప్పారు. పుట్టిల్లు దాదాపు ఒకటే అయినా, చేదు నారింజ, తీపి నారింజ పడమటికి వేరే కాలాల్లో, వేరే మనుషుల చేతుల్లో వెళ్లాయి. మధ్యలో కొన్ని వందల ఏళ్ల తేడా ఉంది. ఆ తేడాయే భాషల్లో అచ్చుపడింది.

మొదటి ప్రయాణం అరబ్బులది. పదో శతాబ్దపు చరిత్రకారుడు మసూదీ ఒక మంచి సంగతి రాసిపెట్టాడు. నారంజ్ చెట్టును హిజ్రీ 300 తర్వాత, అంటే మన లెక్కలో 912 తర్వాత, హిందూ దేశం నుంచి తెచ్చి ముందు ఒమాన్‌లో నాటారట. అక్కడి నుంచి బస్రాకు, ఇరాక్‌కు, సిరియాకు పాకింది. ఇండ్లలో చెట్లు విరివిగా పెరిగాయి గానీ, సొంత గడ్డ మీద ఉన్న ఆ సువాసన, ఆ రంగు మాత్రం రాలేదని కూడా రాశాడు. ఆ నేల, ఆ గాలి, ఆ నీళ్లు అక్కడ లేవు కాబట్టి అంటాడు. హారికా, ఇలాంటి ఒక్క వాక్యం దొరికితే అక్కడ ఆగు. ఎవరు తెచ్చారు, ఎప్పుడు, ఎక్కడ నాటారు, ఏం పోయింది, అన్నీ అందులో ఉన్నాయి. నువ్వు "అరబ్బు వర్తకుల ద్వారా పశ్చిమానికి చేరింది" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఒమాన్ తోటలో మొదటి చెట్టు నాటిన సంగతి చెప్పకుండా ఆ వాక్యం రాస్తే, ఇంగువ గురించి రాసినా మిరియాల గురించి రాసినా అదే వాక్యం సరిపోతుంది. ఏ మాట మీద వ్యాసానికైనా అతికే వాక్యాన్ని నీ వ్యాసంలో ఉంచకు.

అరబ్బుల వెంట ఆ చెట్టు సిసిలీకి, స్పెయిన్‌కి వెళ్లింది. సెవిల్లె నగరంలో పెద్ద చర్చి పక్కన నారింజ చెట్ల ముంగిలి ఇప్పటికీ ఉంది. ఆ చోటు ఒకప్పుడు మసీదు ముంగిలి. కొర్దోబాలోనూ అలాంటిదే ఉంది. ఆ ఊళ్ల వీధుల్లో పూసే చెట్లు చేదు నారింజలే. పూల వాసన కోసం, నీడ కోసం పెంచారు. ఆ కాయలను ఒలుచుకుని తినరు. ఇంగ్లండు వాళ్లు కొనుక్కెళ్లి చక్కెర పోసి మార్మలేడ్ ఉడికిస్తారు. సెవిల్లె గురించి రాసేటప్పుడు నువ్వు 'తియ్యని నారింజల నగరం' అన్నావు. అది తీసెయ్. అక్కడి పండు చేదు. ఆ చేదు కోసమే దాన్ని వెతుక్కుని కొంటారు.

రెండో ప్రయాణం పోర్చుగీసు వాళ్లది. వాస్కో డ గామా 1498లో కోళిక్కోడు తీరం చేరిన తర్వాత తూర్పు సరుకులన్నీ లిస్బన్ రేవుకు పోవడం మొదలైంది. తీపి నారింజ మధ్యధరా ప్రాంతానికి అంతకు కాస్త ముందే తెలుసు గానీ, మేలు రకం కాయలను తూర్పు నుంచి తెచ్చి, పెంచి, నలుగురికీ అమ్మింది పోర్చుగీసు వాళ్లే. కొన్నవాళ్లకు అది కొత్త పండు. పాత నారంజ్ చేదుది, అది అప్పటికే పెరట్లో ఉంది. కొత్తదానికి కొత్త పేరు కావాలి. అమ్మినవాడి దేశం పేరే పెట్టేశారు. అరబ్బీలో బుర్తుకాల్, టర్కీలో పోర్తకాల్, గ్రీకులో పోర్తొకాలి, రుమేనియాలో పోర్తొకాలా, ఇథియోపియాలో అమ్హరిక్ మాట్లాడేవాళ్లకు బిర్తుకాన్, ఇటలీలో నేపుల్స్ జనం మాటలో పుర్తుఆల్లో. అన్నీ పోర్చుగల్ పేరే.

ఇక్కడ నిన్ను ఒక్క నిమిషం ఆపుతాను. ఇన్ని దేశాల్లో పండుకు పోర్చుగల్ పేరు పెడితే, పోర్చుగల్ వాళ్లు దాన్ని ఏమంటారు? లరాంజా అంటారు. అంటే నారంజ్. నోట్లో నకారం లకారమైంది, అంతే. మన దగ్గరి పాత మాటను వాళ్లు తమ పండుకు ఉంచుకున్నారు. ఆ పండును కొన్నవాళ్లకు తమ దేశం పేరు ఇచ్చారు. ఇది నీ వ్యాసంలో లేదు. ఉండాల్సింది ఇదే.

గ్రీకు దగ్గర ఇంకాస్త ఉండు. పాత మాట అక్కడ చావలేదు. నెరాంజి అంటే చేదు నారింజ, పోర్తొకాలి అంటే తీపిది. పారశీకంలోనూ అంతే, నారెంజ్ చేదు కాయ, పోర్తెఘాల్ తీపి పండు. పైగా మన కమలా లాంటి చిన్న పండును నారెంగి అంటారు. మూడు పండ్లు, మూడు పేర్లు, వాటిలో రెండు ఒకే మాట నుంచి పుట్టినవి. ఎవరు ఎప్పుడు ఏ పండు తెచ్చారో ఆ పేర్లే చెప్తాయి.

తీపి పండుకు పోర్చుగల్ ఒక్కటే పేరు కాలేదు. ఉత్తర ఐరోపా వాళ్లు ఇంకా వెనక్కి, దాని ఊరి దాకా వెళ్లి చీనా పేరు పెట్టారు. డచ్చి భాషలో సీనాస్‌అప్పెల్, అంటే చీనా ఆపిల్. జర్మనీ ఉత్తరాన అప్ఫెల్‌జీనె, రష్యాలో అపెల్సీన్, స్వీడన్‌లోనూ అపెల్సీన్. శాస్త్రజ్ఞులు పెట్టిన లాటిన్ పేరులో ఉన్న 'సైనెన్సిస్' కూడా చీనాదే. ఇక కరీబియన్ సముద్రంలో పోర్టోరికో అనే దీవి ఉంది. కొలంబస్ 1493లో రెండోసారి బయల్దేరినప్పుడు కానరీ దీవుల దగ్గర నారింజ గింజలు ఎక్కించుకుని అటువైపు తీసుకెళ్లాడు. ఆ పోర్టోరికోలో నరాంహా అంటే చేదు కాయ. తీపి పండును వాళ్లు చీనా అంటారు. బండి దగ్గర చీనా రసం అడిగితే తీపి నారింజ రసం పోసి ఇస్తారు.

నువ్వు అనంతపురం పిల్లవి. చీనా అన్న మాట చదవగానే నీకు తట్టి ఉండాలి. మీ జిల్లాలో ఎటు చూసినా చీనీ తోటలే కదా. బోరు ఎండిపోతే చీనీ చెట్లను ట్యాంకర్ నీళ్లతో కాపాడుకునే రైతులను చూస్తూ పెరిగావు. కడప దాకా అదే పేరు. అదే పండు నల్లగొండకు వస్తే బత్తాయి, హైదరాబాదు జ్యూస్ బండి మీద మోసంబి. చీనీ అంటే చీనా పండు. అనంతపురం రైతు, పోర్టోరికో బండివాడు, ఆమ్‌స్టర్‌డామ్ కూరగాయల అంగడివాడు, ఒకరి మొహం ఒకరు చూడకుండానే ఒక పండుకు ఒకే దేశం పేరు పెట్టారు. నీ వ్యాసంలో చీనీ అన్న మాట ఒక్కసారి కూడా లేదు! నువ్వు పుట్టినప్పటి నుంచి వింటున్న మాట కాబట్టి అది మాటలా కనపడలేదనుకుంటాను. రాసేవాళ్లకు ఇది తరచుగా జరిగేదే. రోజూ నోట్లో ఉండే మాటను ముందు కాగితం మీద పెట్టి చూడటం అలవాటు చేసుకో.

ఇంకో మాట. ఉత్తరాది వాళ్లకు అదే చీనీ అంటే పంచదార. ఆ పేరు కూడా చీనా దేశం మీదుగా వచ్చిందే. ఒకే దేశం పేరు ఒకచోట తెల్లటి పొడికి, ఇంకోచోట పసుపుపచ్చ పండుకు అతుక్కుంది. దీన్ని పెద్దగా సాగదీయకు, ఒక వాక్యం చాలు.

మరి మన తెలుగులో 'నారింజ' ఎక్కడుంది? అంగట్లో వినపడటం తక్కువ. కమలా అంటాం, సంత్రా అంటాం, బత్తాయి అంటాం. నారింజ ఇప్పుడు ఎక్కువగా బడి పుస్తకంలో, రంగు పేరులో ఉంది. కానీ నారింజకాయ పులిహోర కలిపే ఇళ్లు ఉన్నాయి, అడుగు. ఆ కాయ పుల్లటిది. నిమ్మకాయ బదులు, దబ్బకాయ బదులు పిండుతారు. చూశావా? గ్రీసులో, ఇరాన్‌లో, పోర్టోరికోలో జరిగిందే మన వంటింట్లోనూ జరిగింది. పాత పేరు పుల్లటి కాయ దగ్గర ఉండిపోయింది. తీపి పండు ఎవరు తెస్తే వాళ్ల పేరో, ఏ ఊరి నుంచి వస్తే ఆ ఊరి పేరో పెట్టుకుంది. నీ వ్యాసానికి నడుము ఇదని నా నమ్మకం. "మన మాట గెలిచింది" అనడం కన్నా ఇది వంద రెట్లు బలమైన విషయం. ఎందుకంటే దీన్ని చదివినవాడు తన వంటింటికి వెళ్లి సరిచూసుకోగలడు.

ఇప్పుడు కాస్త కఠినంగా మాట్లాడాలి. మాటల పుట్టుక గురించి రాసేవాళ్లకు ఒక ప్రమాదం ఉంది. అందమైన కథలు. అవి వాట్సాప్‌లో తిరుగుతాయి, పాత పుస్తకాల్లోనూ ఉంటాయి. నీ వ్యాసంలో అలాంటివి మూడు ఉన్నాయి.

మొదటిది ఏనుగు కథ. ఒక ఏనుగు నారింజలు తెగ తిని కడుపు పగిలి చచ్చిందనీ, నాగం అంటే ఏనుగు కాబట్టి నాగరంగ అన్నారనీ రాశావు. నాగరంగ అన్న రూపం సంస్కృతంలో ఉంది, నిజమే. కానీ కథ మాత్రం పేరుకు అర్థం తెలియక తర్వాత అల్లింది. ఒక పరాయి మాట భాషలోకి వస్తే జనం దాన్ని తెలిసిన ముక్కలుగా విడగొట్టుకుంటారు. మన పంపర పనసనే చూడు. ఆ పండుకూ పనసకూ ఏ సంబంధమూ లేదు. తమిళంలో అది పంబళిమాసు, డచ్చిలో పొంపెల్మూస్. మచిలీపట్నంలో, పాలకొల్లులో, భీమునిపట్నంలో ఒకప్పుడు డచ్చి వాళ్ల స్థావరాలు ఉండేవని గుర్తుంచుకుని ఆ మూడు మాటలనూ పక్కపక్కన పెట్టి పలుకు. తెలియని తోక తెలిసిన పనసగా ఎలా మారిందో వినపడుతుంది. ఏనుగు కథ స్థానంలో దీన్ని పెట్టు.

రెండోది, ఇంగ్లీషు వాళ్లు 'ఎ నారెంజ్' అన్నదాన్ని పొరపాటున 'యాన్ ఆరెంజ్' అని విడగొట్టడం వల్ల నకారం పోయిందన్న కథ. ఇది చాలామంది నమ్ముతారు. కానీ నకారం ఇంగ్లీషు చేరకముందే, ఇటాలియన్, ఫ్రెంచి నోళ్లలోనే జారిపోయింది. ఇంగ్లీషులో అలా నకారం పోయిన మాటలు వేరే ఉన్నాయి, ఏప్రన్ అలాంటిదే. కాబట్టి కథలో సూత్రం నిజం, చోటు తప్పు. ఫ్రెంచి మాటలో మొదటి అక్షరం 'ఒ' కావడానికి మాత్రం బంగారం కారణం కావచ్చంటారు. ఫ్రెంచిలో 'ఓర్' అంటే బంగారం. నడి యుగాల లాటిన్‌లోనూ ఆ పండును బంగారు పండు అన్నట్టు అవురాంతియుమ్ అన్నారు. దాన్ని చూసి, లాటిన్ బంగారమే ఈ మాటకు మూలం అని తీర్మానించినవాళ్లూ ఉన్నారు. వినడానికి ఎంతో బాగుంటుంది, కానీ తలకిందులైన వాదన. బంగారం తర్వాత వచ్చి అంటుకుంది. హీబ్రూ వాళ్లు మాత్రం నిజంగానే బంగారాన్ని ఎంచుకున్నారు. బంగారు ఆపిల్ అనే రెండు మాటలను కుదించి తపూజ్ అని కొత్త పేరు చేసుకున్నారు.

మూడోది సంత్రా. పోర్చుగల్‌లో సింత్రా అనే ఊరుంది, అక్కడి నుంచి ఈ పేరు వచ్చిందని నువ్వు ఏ అనుమానమూ లేకుండా రాశావు. చాలా చోట్ల అలాగే రాసి ఉంటుంది. కానీ బాబరు తన జ్ఞాపకాల్లో హిందుస్థాన్ పండ్ల గురించి రాస్తూ సంగ్‌తరా అన్న పేరు ఎత్తాడు. ఆయన చనిపోయింది 1530లో. పోర్చుగీసు వాళ్లు పడమటి తీరంలో కాలు పెట్టి అప్పటికి ముప్పై ఏళ్లు పైబడింది, అంతే. వాళ్ల ఊరి పేరు అంతలోనే ఉత్తరాది జనం నోట్లో స్థిరపడి, కాబూల్ నుంచి వచ్చిన రాజు చెవిన పడిందంటే నమ్మడం కష్టం. ఒక తేదీ పక్కన ఇంకో తేదీ పెట్టి చూడటం నేర్చుకో. మాటల చరిత్రలో సగం తప్పులు అక్కడే బయటపడతాయి.

బాబరు పేరు వచ్చింది కాబట్టి ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది ఇంకోటి ఉంది. నారంజ్ అన్నది అరబ్బీ చేసిన రూపం అయి ఉంటుందని ఆయనకు ముందు నుంచీ అనుమానం. ఇప్పటి పాకిస్తాన్‌లోని బజౌర్, స్వాత్ ప్రాంతాలకు వెళ్లినప్పుడు అక్కడి వాళ్లందరూ నారంగ్ అనడం విని, తన అనుమానం నిజమే అయి ఉండాలని రాసుకున్నాడు. బజౌర్‌లో ఒక్క చెట్టు నుంచి కోసిన పండ్లను లెక్కపెడితే 7,000 తేలాయని తన మనిషి చెప్పిన సంగతి కూడా ఆ చోటే ఉంది. యుద్ధాల మధ్య తిరిగే మనిషి, చేతిలో నిఘంటువు లేదు, ఊరి జనం నోట విని మాట పుట్టుకను పట్టుకున్నాడు. పండును లెక్కపెట్టినవాడి మాట, పేరును పలికినవాడి మాట ఒకే పేజీలో ఉంచాడు. నాకు ఎంతో ఇష్టమైన పేజీ అది.

నిఘంటువులు వద్దని కాదు. బ్రౌన్ 1852లో అచ్చువేసిన తెలుగు నిఘంటువు చూడు, అప్పటి జనం ఏ పండును ఏమన్నారో దొరుకుతుంది. బరో, ఎమెనో కలిసి చేసిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు తెరిస్తే తమిళం, మలయాళం, తెలుగు రూపాలు పక్కపక్కన కనిపిస్తాయి. ఇక మన భద్రిరాజు కృష్ణమూర్తి గారు నడిపించిన మాండలిక వృత్తి పదకోశం ఉంది. దాని మొదటి సంపుటం 1962లో వ్యవసాయ పదాలతో వచ్చింది. రైతుల దగ్గరికి వెళ్లి, జిల్లా జిల్లాకూ మాట ఎలా మారుతుందో అడిగి రాసుకున్న పని అది. మాట మీద రాయాలనుకునే ప్రతి తెలుగు పిల్లా పిల్లవాడూ ఆ పుస్తకాన్ని ఒకసారి చేత్తో పట్టుకోవాలి. ఇంటర్నెట్‌లో దొరికిన ఒక వాక్యాన్ని నువ్వు నాలుగు చోట్ల చూశానన్నావు. నాలుగూ ఒకదాన్ని చూసి ఒకటి రాసుకున్నవైతే అవి నాలుగు సాక్ష్యాలు కావు, ఒకటే.

బత్తాయి సంగతి అడుగుతావని తెలుసు. బెంగాలీలో పంపర పనసను బతాబి లేబు అంటారు. బటావియా నిమ్మ అని అర్థం, డచ్చి వాళ్ల బటావియా అంటే ఇప్పటి జకార్తా. మన బత్తాయి కూడా అక్కడిదేనని చెప్పేవాళ్లున్నారు. పోలిక బలంగానే ఉంది. కానీ ఇలాంటి చోట 'అంటారు' అన్న క్రియను వాడటానికి సిగ్గుపడకు. 'వచ్చింది' అని రాయాలంటే పాత కాగితం ఒకటి చేతిలో ఉండాలి. ఈ రెండు క్రియల మధ్య తేడా పాటించే రచయితను పాఠకుడు పదేళ్ల తర్వాత కూడా నమ్ముతాడు.

రంగు గురించి నువ్వు రాసిన భాగం నాకు నచ్చింది, దాన్ని ఇంకా పెంచు. ఇంగ్లీషులో ఆరెంజ్ అనే మాట రంగుకు పేరైంది పదహారో శతాబ్దంలో. అంతకు ముందు వాళ్లు పసుపెరుపు అన్నట్టుగా ఒక జంట మాట వాడేవాళ్లు. రాబిన్ పిట్ట రొమ్ము నిజానికి నారింజ రంగు. అయినా దాన్ని ఎర్ర రొమ్ము పిట్ట అన్నారు. పేరు పెట్టే నాటికి ఆ పండు పేరు వాళ్లకు ఇంకా రంగు పేరు కాలేదు మరి. మనకు ఆ ఇబ్బంది లేదు. కావి ఉంది, కాషాయం ఉంది, సింధూరం ఉంది. ఒక్కోటీ ఒక్కో వస్తువు నుంచి, ఒక్కో పని నుంచి వచ్చింది. నారింజ రంగు అన్న మాట ఎక్కువగా బడిలో క్రేయాన్ల పెట్టెతో మన పిల్లలకు అలవాటైంది. కావి రంగు పంచెను ఏ ముసలాయనా నారింజ రంగు పంచె అనడు. ఎందుకనడో రెండు పేరాలు రాయి. నీకు రాయడం వచ్చు.

నెదర్లాండ్స్ జట్టు నారింజ రంగు చొక్కాలు వేసుకోవడం గురించి నువ్వు రాసిందాంట్లో ఒక మెలిక తప్పిపోయింది. వాళ్ల రాజవంశం పేరు ఫ్రాన్సులోని ఒరాంజ్ అనే ఊరి నుంచి వచ్చింది. ఆ ఊరి పాత రోమన్ పేరు అరౌసియో. దానికీ పండుకూ చుట్టరికం లేదు. రెండు మాటలూ ఫ్రెంచి నోట్లో నలిగి ఒకేలా తయారయ్యాయి. 1544లో విలియం అనే కుర్రవాడికి ఆ ఊరి వారసత్వం దక్కింది. ఆయన వంశానికి ఆ పేరు నిలిచింది, పేరు వెంట రంగు వచ్చింది. ఐర్లండులో 1795లో పుట్టిన ఆరెంజ్ సంఘం, దక్షిణాఫ్రికాలో ఒకప్పటి ఆరెంజ్ ఫ్రీ స్టేట్ అన్న రాజ్యం, అన్నీ ఆ ఊరి పేరే, ఆ వంశం పేరే. అంటే వేర్వేరు పుట్టుకల మాటలు రెండు ఒకే రూపం తొడుక్కుని, చివరికి ఒక రంగు దగ్గర కలిశాయి. ఒకే మాట పది అర్థాలుగా విడిపోవడం ఎంత నిజమో, రెండు మాటలు ఒక్కటైపోవడం అంత నిజం. నీ వ్యాసం మొదటిదాన్నే చెప్పింది. రెండోదీ చెప్పు.

నడక గురించి. ఇప్పుడు నీ వ్యాసం ద్రావిడంతో మొదలై ఇంగ్లీషుతో ముగిసింది, ఇంగ్లీషు చేరడమే ఆ మాటకు గమ్యం అన్నట్టు. అలా వద్దు. చీనీ తోటతో మొదలుపెట్టు. అక్కడి నుంచి పోర్టోరికోకు దూకు, పాఠకుడు ఉలిక్కిపడనీ. తర్వాత పోర్చుగల్, ఆ తర్వాత వెనక్కి మసూదీ, ఇంకా వెనక్కి మన నారత్తై, నారకం, నారింజ. కాలంలో వెనక్కి నడిస్తే ప్రతి మెట్టు దగ్గరా ఒక ప్రశ్న దానంతటదే పుడుతుంది. నువ్వు పుట్టించనక్కర్లేదు. భాషల పేర్లన్నీ ఇరికించాలని టెన్షన్ పడకు. హంగేరీ నరాంచ్ లేకపోయినా ఎవరూ బాధపడరు. గ్రీకు, పారశీకం, పోర్చుగీసు, స్పానిష్ చాలు. ఒక్కోదాని దగ్గర పండు రుచి ఏమిటో తప్పకుండా చెప్పు.

'గెలిచింది', 'జయించింది', 'కీర్తి పతాక' లాంటివన్నీ తీసెయ్. మాటలు గెలవవు. ఎవరో ఒక మొక్కను తడి గుడ్డలో చుట్టి ఓడ ఎక్కించుకుంటారు, ఇంకెవరో దాని పేరు అడుగుతారు. ఆ అడిగినవాడికి సరిగ్గా వినపడకపోతే ఒక కొత్త మాట పుడుతుంది. మనకు గర్వం కావాలంటే కృష్ణమూర్తి గారి వెంట పల్లెలు తిరిగి మాటలు రాసుకున్నవాళ్లను చూసి గర్వపడదాం.

ఈ వేసవిలో ఊరికి వెళ్తానన్నావు కదా. తోటల్లో పనిచేసే పెద్దవాళ్లను కొన్ని సంగతులు అడిగి రా. చీనీ అన్న పేరు ఎందుకొచ్చిందని మాత్రం అడగకు, అడిగితే వెంటనే ఒక కథ తయారవుతుంది. చీనీ రాకముందు ఆ చేలల్లో ఏం పండించేవాళ్లో అడుగు. అంటు కట్టడానికి కింద ఏ కాయ మొక్కను వాడతారో, దాన్ని ఏమని పిలుస్తారో అడుగు. పుల్లటి నారింజ చెట్టు ఎవరి పెరట్లోనైనా మిగిలి ఉందేమో, ఆ ఇంట్లో దాని కాయ దేనికి వాడతారో, దాన్ని నారింజ అంటారో ఇంకేమైనా అంటారో రాసుకో. వాళ్లు ఎలా పలికితే అలాగే రాయి, సరిచేయకు. అనంతపురంలో అడిగిందే కడపలో మీ మేనత్త వాళ్లనీ అడుగు, తేడా ఉంటే రెండూ ఉంచు. ఆ కాగితాలు వ్యాసంతో పాటు నాకూ ఒక కాపీ పంపించు. చూసి, బరో నిఘంటువులోని రూపాల పక్కన పెట్టి రాసి పంపుతాను.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి